క్రమం తప్పిన జాబితా

కంప్యూటరు ఒకే ప్రశ్నకు ఎన్నిసార్లయినా ఒకే సమాధానం ఇస్తుందని లోకుల విశ్వాసం. ఆ విశ్వాసానికీ హద్దులున్నాయని 2019లో రసాయనశాస్త్రంలో వెలుగుచూసిన ఒక ఉదంతం తెలియజేస్తుంది.

అమెరికాలోని హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు సైనోబాక్టీరియా నుండి వేరుచేసిన ఒక పదార్థపు అణునిర్మాణాన్ని నిర్ధారించదలచారు. అందుకు 2014లో ప్రచురితమైన ‘విలోబి–హోయ్’ ప్రోగ్రాములను వినియోగించారు. ఇవి పైథాన్ భాషలో వ్రాసినవి. ప్రోగ్రాము అదే, దత్తాంశాలు అవే. అయినా ఆపరేటింగ్ సిస్టమ్ మారగానే ఫలితం మారింది. విండోస్ 10లోను, మాక్ మావెరిక్స్‌లోను 173.2గా వచ్చిన విలువ మాక్ మొజావేలో 172.7, ఉబుంటులో 172.4 అయింది. చూడడానికి స్వల్పమే అయినా, ఇటువంటి తేడా అణునిర్మాణాన్ని పొరపాటుగా గుర్తించడానికి దారితీయగలదు.

దోషం గణితసూత్రాలలో లేదు. అణువు ధరించే ప్రతి రూపానికీ రెండేసి ఫైళ్లుంటాయి. ఒకదానిలో ఆ రూపపు శక్తి, రెండవదానిలో దాని అయస్కాంత లక్షణాల గణన ఉంటాయి. ఫైళ్ల పేర్లను సేకరించే పని పైథాన్‌లోని ‘గ్లాబ్’ అనే ఫంక్షన్‌ది. అది పేర్లను అందిస్తుందే గాని, అక్షరక్రమంలో అందిస్తానని మాట ఇవ్వదు. ఆ క్రమం కంప్యూటరులోని ఫైళ్ల వ్యవస్థను బట్టి మారుతుంది. ప్రోగ్రాము మాత్రం రెండు జాబితాలూ ఒకే వరుసలో ఉంటాయని భావించింది. వరుస తప్పినచోట ఒక రూపపు శక్తి మరొక రూపపు గణనతో జతపడింది. విద్యార్థుల పేర్లు ఒక వరుసలోను, మార్కులు వేరొక వరుసలోను ఉన్నప్పుడు రెండింటినీ పక్కపక్కన చేర్చితే ఒకరి మార్కులు మరొకరికి చేరినట్లే ఇది జరిగింది.

ప్రోగ్రాము ఆగిపోయి ఉంటే లోపం వెంటనే బయటపడేది. అది నిశ్శబ్దంగా తప్పుడు సంఖ్యను ఇచ్చింది, అందులోనే ప్రమాదముంది. అప్పటికే 150కి పైగా పరిశోధన వ్యాసాలు ఆ ప్రోగ్రాములను ఉదహరించాయి. వాటిలోని ఫలితాలన్నీ తప్పులు కావు. కాని ఏవి ఒప్పులో తేల్చుకోవాలంటే మళ్లీ సరిచూడక తప్పదు. దిద్దుబాటు మాత్రం సులభం: పేర్లను ముందుగా అక్షరక్రమంలో అమర్చుకుంటే చాలు.

ఒక యంత్రంలో సరిగా నడిచినంత మాత్రాన ప్రోగ్రాము నిర్దుష్టమని చెప్పలేము. ఫంక్షన్ ఇచ్చిన హామీ వేరు, దాని అలవాటు వేరు. ఈ భేదాన్ని గుర్తించి, ఫలితాలను వేర్వేరు వ్యవస్థలలో పరీక్షించి చూసుకోవడం శాస్త్రాభ్యాసకుల కనీస ధర్మం.

ప్రశ్నలు
1. ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు ఫలితం ఎందుకు మారిందో వివరించండి.
2. ‘హామీ వేరు, అలవాటు వేరు’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.