కేసు ఒకటి కాదు, రెండు

"మావాణ్ని అక్కడ పోలీసులు పట్టుకపోయిండ్రట, వకీలుకు పైసలు పంపాల్నట." అమెరికా నుంచి ఇలాంటి ఫోన్ రావడం వరంగల్ ఇళ్లలో ఇప్పుడు వింతేమీ కాదు. ఫోన్ పెట్టేయగానే అత్తమామలు, భార్య, బావమరుదులు అందరూ అడిగేది ఒకటే: బెయిల్ ఎంత? అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. పట్టుకున్నది ఎవరు? ఆ ఊరి పోలీసులా, లేక ఐస్ అని అందరూ పిలిచే ఇమ్మిగ్రేషన్ అధికారులా?

అమెరికాలో ఇవి రెండు వేర్వేరు కేసులు. కోర్టులు వేరు, జడ్జీలు వేరు, బెయిలూ వేరే. క్రిమినల్ కేసులో జైలు శిక్ష పడే అవకాశం ఉండి, వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే ప్రభుత్వమే వకీలును ఇస్తుంది. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ఆ సదుపాయం లేదు. వకీలును పెట్టుకునే హక్కు ఉంటుంది కానీ ఖర్చు మనదే. ఈ తేడా తెలియక మోసపోయినట్టు బాధపడే కుటుంబాలు ఎన్నో. అప్పు చేసి క్రిమినల్ కోర్టులో బెయిల్ కడతారు, మనిషి మాత్రం బయటికి రాడు. అప్పటికే ఐస్ ఆ జైలుకు 'డిటైనర్' పంపి ఉంటుంది. వదిలేయాల్సిన సమయం తరువాత ఇంకో 48 గంటల దాకా అతన్ని ఉంచండి, మేమొచ్చి తీసుకెళ్తాం అన్నది ఆ కాగితం సారాంశం. కాబట్టి బెయిల్ సొమ్ము కట్టేముందు వకీలును అడగాల్సిన మాట: డిటైనర్ ఉందా?

ఈ రెండు కేసుల తేడా మనవాళ్లకు ఒక్కసారిగా కళ్లకు కట్టింది 2019 జనవరి చివర్లో, ఒక యూనివర్సిటీ విద్యార్థుల అరెస్టులతో. డెట్రాయిట్ శివారు ఫార్మింగ్టన్ హిల్స్‌లో హోంల్యాండ్ సెక్యూరిటీ ఏజెంట్లే నడిపిన దొంగ యూనివర్సిటీ అది. తరగతులు లేవు, పాఠం చెప్పేవాళ్లు లేరు. దాదాపు 600 మంది చేరారు, అందులో ఎక్కువ మంది మన తెలుగువాళ్లే. విద్యార్థులను చేర్పించినందుకు 8 మంది మీద క్రిమినల్ కేసు పెట్టారు. ఆ ఏడాది చివరికి వాళ్లలో ఏడుగురు నేరం ఒప్పుకుని శిక్షలు పొందారు. చేరిన విద్యార్థుల మీద పెట్టింది మాత్రం ఇమ్మిగ్రేషన్ కేసు. అరెస్టయిన సుమారు 250 మందిలో దాదాపు 80 శాతం మంది 'వాలంటరీ డిపార్చర్' తీసుకుని, తమంతట తామే దేశం వదిలారు. ప్రభుత్వమే వల వేసి, ఫీజులు వసూలు చేసి, ఆపై అరెస్టు చేయడం న్యాయమేనా అన్న వాదన వేరు. కట్టిన ఫీజుల మీద విద్యార్థుల తరఫున వేసిన దావాను కింది కోర్టు కొట్టేస్తే, 2024 జూన్‌లో అప్పీలు కోర్టు దాన్ని తిరిగి బతికించింది.

వాలంటరీ డిపార్చర్‌కూ, 'రిమూవల్ ఆర్డర్'కూ మధ్య చాలా దూరం ఉంది. రెండింట్లోనూ విమానం ఎక్కాల్సిందే. రిమూవల్ ఆర్డర్ పడితే మామూలుగా పదేళ్ల దాకా మళ్లీ రాలేరు, కొన్ని నేరాలకైతే జీవితాంతం. తానుగా వెళ్లినవాడి మీద ఆ నిషేధం పడదు. అయితే వీసా గడువు దాటి ఏడాదికి మించి అక్రమంగా ఉన్నాడని తేలితే, తానుగా వెళ్లినా పదేళ్ల నిషేధం వేరే దారిలో వస్తుంది. అందుకే "సంతకం పెడితే తొందరగా ఇంటికి పంపిస్తరంట" అని ఫోన్‌లో చెప్పినప్పుడు, ఆ కాగితం పేరేమిటో, కింద ఏముందో వకీలు చదవకముందే సంతకం వద్దని చెప్పడం ఇక్కడున్న భార్య చేయగలిగిన పెద్ద సాయం.

ఇప్పుడు నేరం ఒప్పుకోవడం సంగతి. "తప్పు ఒప్పుకుంటే ప్రొబేషనే, జైలు లేదు" అని క్రిమినల్ వకీలు చెబుతాడు. అతని లెక్కలో అది మంచి బేరమే. ఇమ్మిగ్రేషన్ చట్టం లెక్క వేరు. నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక రకమైన ఆంక్ష విధించాడంటే చాలు, తరువాత ఆ రాష్ట్ర కోర్టు కేసు కొట్టేసినా అది శిక్ష పడినట్టే. ఇంకా విచిత్రం: దొంగతనం, హింస లాంటి కేసుల్లో శిక్ష ఏడాది పడిందా, ఒక్కరోజు తక్కువ పడిందా అన్నదాని మీద మనిషి భవిష్యత్తు తేలుతుంది. ఆ ఏడాదిని అనుభవించకుండా సస్పెండ్ చేసినా 'తీవ్ర నేరం' కింద లెక్కే. ఈ గండం తెలిసే వాషింగ్టన్, కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు చిన్న నేరాలకు గరిష్ఠ శిక్షను 365 రోజుల నుంచి 364కు తగ్గించుకున్నాయి.

ఈ ప్రమాదాన్ని నిందితుడికి ముందే చెప్పడం వకీలు బాధ్యత అని 2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి భార్యగానీ, తండ్రిగానీ వకీలుకు ఈమెయిల్‌లో ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా పంపాలి: "ఈ బేరం ఒప్పుకుంటే అతని వీసా, గ్రీన్‌కార్డు ఏమవుతాయి?" జవాబు రాతలో తెప్పించుకుని దాచిపెట్టండి.

గృహ హింస కేసులు అన్నింటికన్నా చిక్కు. ఇక్కడ ఠాణాలో రాజీ కుదిరినట్టు అక్కడా కుదురుతుందని మనవాళ్ల గట్టి నమ్మకం. కానీ అక్కడ పోలీసుల నంబరు 911కు ఫోన్ పోయిందంటే కేసు నడిపేది ప్రాసిక్యూటర్. భార్య సాక్షి మాత్రమే. ఆమె వద్దన్నా కేసు నడవవచ్చు. జడ్జి సాధారణంగా భర్త ఆమెను కలవకూడదు, మాట్లాడకూడదు అని ఆంక్ష పెడతాడు. ఆ ఆర్డర్ తీసుకుని బయటికొచ్చినవాడు అమ్మకు ఫోన్ చేస్తాడు. హనుమకొండలో ఉన్న అత్తమ్మ వాట్సాప్‌లో కోడలికి కబురు పెడుతుంది: "బిడ్డా, ఒక్కసారి మాట్లాడు, కేసు తీసెయ్యమని చెప్పు." ఆ కబురు కొడుకు పంపించిందేనని తేలితే అది అతను ఆర్డర్ తప్పినట్టే, ఎందుకంటే చాలా ఆర్డర్లు మూడో మనిషి ద్వారా కబురు పంపడాన్ని కూడా నిషేధిస్తాయి. అలా ఆర్డర్ తప్పడమే దేశం నుంచి పంపించడానికి వేరే కారణం కావచ్చు. అంతేకాదు, సాక్షి మీద ఒత్తిడి తేవడం అక్కడ సొంతంగా నేరం. ఊరి పెద్దమనుషులను కూర్చోబెట్టి కోడలి పుట్టింటివాళ్లను పంచాయితీకి పిలిచే వాళ్లకూ ఇది వర్తించవచ్చు.

కోడలి వైపు నుంచి కూడా చూడాలి. ఆమె హెచ్-4 వీసా మీద ఉంటే భర్త హెచ్-1బీ పోయిన రోజు ఆమె హోదా కూడా పోతుంది. నిజంగా దెబ్బలు తిన్నదైతే, పోలీసులకు సహకరించినందుకు ఆమెకు వేరే దారులు ఉన్నాయి. యూ వీసా అందులో ఒకటి. హింసకు గురైన హెచ్-4 భార్యకు సొంతంగా పని అనుమతి కోరే హక్కూ చట్టంలో ఉంది. భర్త వకీలే తనకూ వకీలు అనుకోవద్దు, ఇద్దరి ప్రయోజనాలు వేరు. తన వకీలును తాను పెట్టుకోవాలి.

మనిషి ఎక్కడున్నాడో తెలియడం లేదా? ఐస్ వెబ్‌సైట్‌లో వెతికే పద్ధతి ఉంది. ఇమ్మిగ్రేషన్ అధికారులు అతనికి ఇచ్చిన 'ఏ' నంబరు, పుట్టిన దేశం ఉంటే వెంటనే దొరుకుతుంది. పేరుతో వెతికితే మనవాళ్లకు ఇబ్బందే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు, అసలు పేరు ఇంటిపేరు గడిలో పడ్డవాళ్లు ఎంతమందో. పాస్‌పోర్టులో ఒక్కో అక్షరం ఎలా ఉందో అలాగే, రెండు గడులూ తారుమారు చేసి కూడా చూడండి. జైలు నుంచి చేసే ఫోన్లు రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడితే ఎవరికి అర్థమవుతుందిలే అనుకోకండి, అనువాదకులు ఉంటారు. ఆరోగ్యం అడగండి, పిల్లల సంగతి చెప్పండి. కేసు గురించి వద్దు.

కాన్సులేట్ తనంతట తానే వస్తుందనీ అనుకోవద్దు. 1963 వియన్నా ఒప్పందంలోని 36వ ఆర్టికల్ ప్రకారం, అరెస్టయినవాడు కోరితే అతని దేశం కాన్సులేట్‌కు ఆలస్యం లేకుండా తెలియజేయాలి, ఈ హక్కు ఉందని అతనికి చెప్పాలి. పాకిస్తాన్ పట్టుకున్న కుల్‌భూషణ్ జాదవ్ కేసులో 2019 జూలైలో భారత్ అంతర్జాతీయ న్యాయస్థానంలో నెగ్గింది ఈ ఆర్టికల్ మీదే. కొన్ని దేశాల వాళ్ల విషయంలో అడిగినా అడగకపోయినా అమెరికా కాన్సులేట్‌కు చెప్పాల్సిందే, ఆ జాబితాలో మన దేశం లేదు. కాబట్టి "మా కాన్సులేట్‌కు చెప్పండి" అని అతనే అనాలి. ఇక్కడి నుంచి కుటుంబం మన విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. కాన్సులేట్ కేసు వాదించదు. మనిషిని కలుస్తుంది, వకీళ్ల జాబితా ఇస్తుంది, నిజంగా ఏమీ లేనివాళ్లకు 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి సాయం చేయవచ్చు.

గల్ఫ్‌లో లెక్క మరోలా ఉంటుంది. కల్లివెల్లి అయినవాడి, అంటే కాగితాలు లేకుండా ఉండిపోయినవాడి గడువు, జరిమానాల సంగతి క్షమాభిక్షలో తీరుతుంది. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా యూఏఈ ఇచ్చింది అలాంటిదే. పోలీసు కేసు ఉన్నవాడికి అది మాత్రమే చాలదు, ముందు ఆ కేసు తెగాలి. 2005లో దుబాయిలో నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో ఇరుక్కున్న సిరిసిల్ల ప్రాంతపు ఐదుగురి కథ తెలిసిందే. అప్పటి సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబానికి 15 లక్షలు ఇచ్చి, క్షమాపత్రం తెచ్చారు. అయినా వాళ్ల విడుదలలు పూర్తయ్యేసరికి 2024 ఫిబ్రవరి వచ్చింది, సుమారు 18 ఏళ్లు. క్షమాపత్రం ఉంటే చాలదు, దాన్ని అక్కడి కోర్టు, ప్రభుత్వం ఒప్పుకోవాలి.

ఇంటి పనులు కొన్ని. వకీలు ఫీజు హవాలాలో పంపకండి, బ్యాంకు ద్వారా పంపితే ఏటా ఒక్కొక్కరికి 2,50,000 డాలర్ల దాకా దారి ఉంది, రసీదు మిగులుతుంది. "నేను ఐస్ ఆఫీసర్‌ను, గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పు" అన్నవాడు దొంగ, 1930కు ఫోన్ చేయండి. ఇక్కడి కాగితాలకు, అప్పుల గొడవలకు, పిల్లల సంరక్షణకు హనుమకొండ అదాలత్‌లోని కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం సెక్షన్ 12 కింద మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. ఫోన్ 15100.

శిక్ష పడినవాణ్ని మన రాష్ట్ర జైలుకు తెప్పించుకునే చట్టం 2003లో వచ్చింది. యూఏఈతో మనకు ఒప్పందం ఉంది, అమెరికా నుంచైతే మన దేశం చేరిన ఒక బహుళ దేశాల ఒప్పందం కింద వీలుంది. వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూల్చేశారు కాబట్టి ఆ జైలు చర్లపల్లి కావచ్చు, మరొకటి కావచ్చు. ఖైదీ తానే రాతపూర్వకంగా కోరాలి, తీర్పు ఖరారై ఉండాలి, వేరే కేసు పెండింగులో ఉండకూడదు. శిక్షలో కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి, ఆ ఆరు నెలల లెక్క దరఖాస్తు అందిన రోజు నుంచి.