పంటి వైద్యమంటే భయపడేవారికి

పన్ను పుచ్చినా, డాక్టరు కుర్చీకి జడిసి వాయిదా వేసేవారు మనలో చాలామంది. వారికి మత్తు పద్ధతులున్నాయి. అయితే ఇవి ముఖ్యంగా భయాన్ని తగ్గిస్తాయి. నొప్పి తెలియకుండా చిగుళ్లకు ఇచ్చే ఇంజెక్షన్ సాధారణంగా ఉంటుంది.

తేలికైనది నైట్రస్ ఆక్సైడ్ వాయువు. 1844లో అమెరికా దంతవైద్యుడు హోరేస్ వెల్స్ దీన్ని పీల్చి తన పన్నే పీకించుకున్నాడు! నేడు ఆక్సిజన్‌తో కలిపి, ముక్కుకు మాస్కు పెట్టి ఇస్తారు. మెలకువ ఉంటుంది, ఆపిన కొద్ది నిమిషాల్లో ప్రభావం పోతుంది. పిల్లలకు అనువైనదే, కానీ జలుబుతో ముక్కు మూసుకుపోతే పనిచేయదు.

మిడజోలం వంటి మందు నోటి ద్వారానో నరానికో ఇస్తే మగత ఎక్కువ. ఆ రోజు బండి నడపరాదు, ఇంటికి తోడు తప్పనిసరి. రోజుకూలీ ఇంట్లో తోడు వెళ్లడమంటే మరో కూలి పోవడం. ఫీజు కట్టే దాతలు దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

పూర్తి మత్తుకు మత్తు డాక్టరు ఉండాలి, ముందు ఉపవాసం ఉండాలి. గురక, ఉబ్బసం, గర్భం, వాడే మందులు ముందే చెప్పాలి.