కౌలు కాగితం – గ్లోబు ఓడ కథ

పోడు భూమి పట్టా కోసం మన పెద్దలు ఆఫీసుల చుట్టూ తిరగడం మనం చూసిందే. కాగితం ఉన్నోడిదే మాట. నాలుగు వందల ఏళ్ళ కింద మన తీరానికి వచ్చిన ఒక ఓడ కూడా ఇదే పాఠం నేర్చుకుంది.

1611 ఆగస్టులో గ్లోబు అనే ఇంగ్లీషు ఓడ పులికాట్ చేరింది. కెప్టెన్ ఆంథోనీ హిప్పన్. వ్యాపారం, సంప్రదింపులు చూసేవాడు పీటర్ ఫ్లోరిస్. ఇతను డచ్చి కంపెనీలో పనిచేసి, తర్వాత ఇంగ్లీషు కంపెనీ కొలువులో చేరాడు.

పులికాట్‌లో అప్పటికే డచ్చివాళ్ళున్నారు. “వెంకటపతి రాయలు మాకు కౌలు ఇచ్చాడు. మా దేశం అనుమతి లేనిదే యూరపు వాళ్ళెవరూ ఇక్కడ వ్యాపారం చేయరాదు” అని అడ్డం తిరిగారు. కౌలు అంటే రాజు ఇచ్చే అనుమతి పత్రం. అక్కడ పాలన చూసేది కొండమ అనే స్త్రీ. ఆమె దగ్గర కూడా ఇంగ్లీషువాళ్ళ పని కాలేదు. ఫిరంగులున్న ఓడ ఒక్క కాగితానికి వెనక్కి తిరిగింది!

ఓడ ఉత్తరంగా పోయి పెద్దపల్లి (నేటి నిజాంపట్నం), మచిలీపట్నం రేవులు చేరింది. ఇవి డచ్చి కౌలు చెల్లని చోట్లు. మన బల్కంపేటకు దగ్గరున్న గోల్కొండ, ఆ సుల్తానుల రాజ్యానివి. చిరివేరు ఎర్రరంగు అద్దిన బట్టలు ఇక్కడే దొరికేవి. ఆ బట్టలిస్తే తూర్పు దీవుల్లో మిరియాలు వచ్చేవి. అందుకే ఈ తీరం కోసం అంత పోటీ. సుంకం నూటికి నాలుగు అనుకున్నారు. తీరా చూస్తే అధికారి పన్నెండు అడిగాడు! చివరికి మధ్యవర్తులు తగవు తీర్చారు.

1614లో ఇంకో వింత. ఫ్లోరిస్ మళ్ళీ వచ్చినప్పుడు అదే వెంకటపతి రాయలు “మా తీరంలో కోట కట్టుకోండి” అని కబురంపాడు. అదే ఏడు రాయలు చనిపోయాడు, మాట ఆగిపోయింది.

ఆనాడు రేవులో నిలబడి అనుమతి అడిగిన కంపెనీ 1759లో మచిలీపట్నం కోటను ఫ్రెంచివారి నుంచి పట్టుకుంది. 1766లో నిజాంతో సంధి రాయించుకుని ఉత్తర సర్కారులు తీసుకుంది. ఆ సర్కారులలో కొండలూ ఉన్నాయి, కొండల్లో మనవాళ్ళూ ఉన్నారు. వాళ్ళనెవరూ అడగలేదు.

కాబట్టి మిత్రులారా, కాగితం చదవడం నేర్చుకుందాం. ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఎవరిని అడగకుండా రాశారు – మూడూ చూద్దాం.

పని: అట్లాసులో పులికాట్, నిజాంపట్నం, మచిలీపట్నం గుర్తించండి.