ఒట్టు వేయించుకోకు, ఆసుపత్రికి తీసుకెళ్లు

విశాఖపట్నం

చిరంజీవి మాధవికి, పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన స్కాన్ రిపోర్టు, దాని కింద అడిగిన ప్రశ్నలు చూశాను. ఫోన్లో మాట్లాడితే సగం మాటలు ఏడుపులోనే పోతాయని ఉత్తరం రాస్తున్నాను. నిదానంగా చదువు. అమ్మకి కూడా చదివి వినిపించు.

నాన్నకి యాభై నాలుగేళ్లు. రిపోర్టులో 'వయసుకి మించిన సెరిబ్రల్ అట్రోఫీ' అని ఉంది. మెదడు ఉండాల్సిన దానికంటే తగ్గిపోయిందని దాని అర్థం. మడతల మధ్య సందులు వెడల్పయ్యాయి. లోపల నీరుండే గదులు పెద్దవయ్యాయి. తల వెనక అడుగున ఉండే చిన్నమెదడు కూడా తగ్గింది. నడకలో అదుపు ఉండేది దానివల్లే. తాగని పూట కూడా కాళ్లు ఎడంగా పెట్టి తూలుతూ నడుస్తున్నాడని రాశావే, అది మత్తు వల్ల కాదు, చిన్నమెదడు తగ్గడం వల్ల.

అసలు కీలకం నుదుటి వెనక భాగంలో ఉంది. ఆస్ట్రేలియాలో క్లైవ్ హార్పర్ అనే పెథాలజిస్టు, ఆయన తోటివాళ్లు ఏళ్ల తరబడి తాగి చనిపోయినవాళ్ల మెదళ్లు తీసుకుని నాడీకణాలు లెక్కపెట్టారు. 1987లో ఆ ఫలితం అచ్చయింది. తాగనివాళ్లతో పోలిస్తే నుదుటి వెనక పైభాగంలో కణాలు 22 శాతం తక్కువ. కాళ్లూ చేతులూ ఆడించే భాగంలో మాత్రం కణాల సంఖ్య తగ్గలేదు. అందుకే నాన్న ఇప్పటికీ కాలిపోయిన మోటారు విప్పి బిగించగలడు. ఊళ్లో వాళ్లు 'మనిషి బాగానే ఉన్నాడు, బుద్ధే లేదు' అనేది కూడా అందుకే. రేపటి గురించి ఆలోచించడం, వద్దనుకున్నది చేయకుండా ఆగడం, తన తప్పు తనకి తెలియడం, ఇవన్నీ ఆ దెబ్బతిన్న చోటి పనులే.

నీ మొదటి ప్రశ్న ఒట్టు గురించి. నీ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసి, వారం తిరక్కముందే తాగొచ్చాడని నీకు కడుపుమంట. ఆ ఒట్టు వేసినప్పుడు వాడు నటించలేదు. కానీ ఒట్టు నిలబెట్టుకోవడానికి ఏ భాగం కావాలో మందు దెబ్బకొట్టింది సరిగ్గా దాన్నే. కుంటివాణ్ణి పరుగెత్తలేదని తిడితే లాభం లేదు కదా. ఇకనించి ఒట్లు వేయించుకోవద్దు. వాడు 'మానేస్తాను' అని గట్టిగా అనుకునే రోజు కోసం కాచుకుని కూర్చోవద్దు. ముందు వైద్యం మొదలుపెడితే, ఆ నిర్ణయం తీసుకునే శక్తి తర్వాత వస్తుంది.

రెండో ప్రశ్న, అబద్ధాల గురించి. 'నిన్న పెద్దన్నయ్య వచ్చి డబ్బులిచ్చి వెళ్లాడు' అని చెప్పాడన్నావు. నేను రాలేదు. మందు కోసం ఆడే అబద్ధాలు వేరు. ఇది ఆ కోవలోది కాకపోవచ్చు. 1887 ప్రాంతంలో మాస్కో వైద్యుడు సెర్గీ కోర్సకోవ్ ఇలాంటి రోగుల గురించి రాశాడు. కొత్తగా జరిగింది మెదడులో నిలవదు. ఆ ఖాళీని మెదడు తనకి తెలియకుండానే ఏదో కథతో పూరిస్తుంది. చెప్పేవాడు దాన్ని నిజమనే నమ్ముతాడు. దీనికి ముందు దశను 1881లో జర్మనీలో కార్ల్ వెర్నికె వర్ణించాడు. కనుగుడ్లు అదరడం లేదా ఒకటి రెండుగా కనబడటం, తూలడం, అయోమయం దాని గుర్తులు. మూడూ ఒక్కసారే కనిపించాలని లేదు. ఏ ఒక్కటి కొత్తగా కనిపించినా, ఉన్నది ముదిరినా ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

ఈ రెండు దశలకూ మూలం బి1 విటమిన్ లోపం, అంటే థయామిన్. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకి మించి రాదు. తాగేవాడు అన్నం సరిగా తినడు, తిన్నా మందు వల్ల పేగులు బి1ని సరిగా పీల్చుకోవు. పైగా మనం తినేది తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం, అందులో బి1 తక్కువ. ఇది మన ప్రాంతానికి కొత్త కథ కాదు. ఉత్తర సర్కారుల్లో బెరిబెరి ఎక్కువని మాల్కమ్సన్ అనే వైద్యుడు 1835లోనే మద్రాసులో పుస్తకం వేశాడు. తర్వాతి కాలపు పరిశోధనల్లో దాని మూలం మర పట్టిన పచ్చి బియ్యమేనని తేలింది. తాగుడు లేకుండానే అంత నష్టం జరిగిన నేల ఇది. దానికి తాగుడు కూడా తోడైతే ఏమవుతుందో ఊహించుకో.

కాబట్టి ఇంట్లో ఈ జాగ్రత్త ముఖ్యం. నాన్న నీరసపడితే అమ్మ ఆర్‌ఎంపీని పిలిచి గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తోందన్నావు. బి1 అడుగంటినవాడికి ఒట్టి గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్త బి1 కూడా దానికే ఖర్చయిపోయి, మెదడు ఇంకా దెబ్బతినొచ్చు. గ్లూకోజుకి ముందు గానీ దానితోపాటు గానీ బి1 ఇంజెక్షన్ పడాలి. మొదట్లో బిళ్లలు చాలవు, సూదే కావాలి. ఈ ఒక్క మాట అమ్మకి కాగితం మీద రాసిచ్చి గోడకి అంటించు.

మూడోది, 'ఇంట్లో పెట్టి తాళం వేస్తే మానడా' అన్నావు. ఆ పని ఎంతమాత్రం చెయ్యొద్దు. మందు మెదడుని అణిచిపెడుతుంటే, మెదడు దానికి ఎదురుతోస్తూ ఉంటుంది. తలుపుకి అవతల తోసేవాడు చటుక్కున వదిలేస్తే ఇవతలివాడు బోర్లా పడ్డట్టే, మందు ఒక్కసారిగా ఆపితే మెదడు అదుపు తప్పుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగో రోజు మధ్య లేనివి కనబడటం, వణుకు, జ్వరం, పిచ్చిగా మాట్లాడటం మొదలైతే ప్రాణానికే ముప్పు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి కల్లు, మందు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం గుంపులుగా వచ్చింది ఈ బాధతోనే. ఆపడం ఆసుపత్రిలోనే జరగాలి. అక్కడ డాక్టర్లు వణుకు, ఫిట్స్ రాకుండా మందులిచ్చి, వాటిని కొద్దిరోజుల్లో మెల్లగా తగ్గిస్తారు.

పేపర్లో ప్రకటన చూసి 'తెలియకుండా కూరలో కలిపే పొడి' తెప్పించాలని అమ్మ అనుకుంటోందట. వద్దని చెప్పు. అలాంటివాటిలో తాగుడు మాన్పించే డైసల్ఫిరామ్ లాంటి మందు ఉందో లేదో మనకి తెలియదు. ఉండి, దాని మీద తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. ఆ మందు డాక్టరు ఇవ్వాలి, తాగేవాడికి తెలిసి వాడాలి.

ఇంకో జాగ్రత్త. మెదడు తగ్గినవాడు పడిపోతే తలలో రక్తనాళాలు తేలిగ్గా తెగుతాయి. పైకి దెబ్బ కనిపించకపోయినా, పడిన తర్వాతి రోజుల్లో తలనొప్పి, అతినిద్ర, ఒక పక్క బలహీనత వస్తే మళ్లీ స్కాన్ తీయించాలి. 'తాగి పడుకున్నాడులే' అని వదిలేయొద్దు.

ఇక నీ చివరి ప్రశ్న: ఇది తిరిగి వస్తుందా? పూర్తిగా కాదు, కొంతవరకు అవును. చనిపోయిన కణాలు తిరిగి రావు. కానీ ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కబురు మోసే తెల్లని పోగులు కోలుకుంటాయి. కుంచించుకుపోయిన మెదడు మానేశాక కొంత తిరిగి పెరగగలదని టొరొంటో డాక్టర్లు సీటీ స్కాన్లతో 1978లోనే చూపించారు. మానేసినవాళ్లని దాదాపు 7 నెలలు గమనించి అమెరికాలో 2023లో ప్రచురించిన పరిశీలనలో మెదడు పై పొర చాలాచోట్ల మందం పెరిగింది. ఆ పెరుగుదల మొదటి నెలలోనే ఎక్కువ. బీపీ, పొగతాగుడు ఉన్నవాళ్లలో నెమ్మది. నాన్న బీడీ సంగతి కూడా డాక్టరుతో చెప్పు.

నాన్న ఏటా అయ్యప్ప మాల వేసి 41 రోజులు మందు ముట్టడు, ఇరుముడి దించిన మర్నాడే మొదలుపెడతాడు. దాన్ని చూసి 'కావాలంటే మానగలడు, కావాలని తాగుతున్నాడు' అంటున్నావు. ఆ దీక్షలో నిలబెట్టింది వాడి పట్టుదల ఒక్కటే కాదు. పొద్దున్నే చన్నీళ్ల స్నానం, నియమం, చుట్టూ తోటి స్వాములు, ఇంటిల్లిపాది గౌరవం, ఇవన్నీ కలిసి దెబ్బతిన్న భాగం చేయలేని పని చేసిపెట్టాయి. మాల తీయగానే అవన్నీ ఒక్కసారే పోతాయి, మెదడు బాగుపడటం అప్పటికింకా పూర్తయి ఉండదు. ఆసుపత్రి నుంచి వచ్చాక కనీసం ఏడాదిపాటు అలాంటి కట్టుబాటే ఇంట్లో ఉండాలి. వేళకి భోజనం, రోజుకో పని, చేతిలో పెద్ద మొత్తం డబ్బు లేకపోవడం, నెలనెలా డాక్టరు, వీలైతే మానేసినవాళ్ల సమావేశాలు. మాలలో ఉన్నప్పుడు వాణ్ణి ఎలా గౌరవంగా పిలిచేవారో అలాగే పిలవండి. మధ్యలో ఒకరోజు తాగినా అంతా పోయినట్టు కాదు, మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లడమే.

తమ్ముడు 'వీకెండ్‌లో రెండు పెగ్గులే' అంటున్నాడట. బ్రిటన్‌లో 550 మందిని 30 ఏళ్లు గమనించి 2017లో ప్రచురించిన పరిశోధనలో, మితంగా తాగేవాళ్లలో కూడా జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోకాంపస్ తగ్గినట్టు ఎక్కువగా కనిపించింది. వాణ్ణి తిట్టొద్దు, నాన్న స్కాన్ చూపించు చాలు.

మనసు బరువెక్కితే నువ్వూ అమ్మా 14416కి ఫోన్ చేయొచ్చు. తాగుడు మాన్పించే కేంద్రాల వివరాలకి 14446. రెండూ ప్రభుత్వ నంబర్లే, ఖర్చు లేదు. నీ ఉద్యోగం మాత్రం మానకు. ఇది నెలల పని, ఇంటికి నీ జీతం కావాలి, నీకు నీ బతుకూ కావాలి.

సోమవారం పొద్దున్నే నాన్నని అనకాపల్లి నుంచి తీసుకురా. 'కాళ్ల తూలుడు చూపిద్దాం' అని చెప్పు, నిజమే కాబట్టి వస్తాడు. నేను ఇక్కడి కేజీహెచ్ ఆసుపత్రి ఓపీ దగ్గర ఉంటాను. స్కాన్ ఫిల్ము, వాడే మందుల చీటీలు, చివరిసారి ఎప్పుడు ఎంత తాగాడో రాసిన కాగితం, ఈ మూడూ మర్చిపోకు.

ఇట్లు,
మీ పెదనాన్న