హాస్టల్ టీ, తగ్గిన రక్తం

ప్రశ్న: విశాఖలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. రాత్రి రెండింటిదాకా మేలుకుంటాను. పొద్దున టిఫిన్ మానేసి టీతో సరిపెడతాను. మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. నిద్ర చాలకేనా?

– ఒక విద్యార్థిని

జవాబు: నిద్రలేమి నీరసం తెస్తుంది కానీ హిమోగ్లోబిన్‌ను అంతగా దించదమ్మా. మీ వయసు ఆడపిల్లలకు 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. ఎక్కువమందిలో కారణం ఐరన్ లోపం. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందేమో గమనించండి, డాక్టరుకు సిగ్గుపడకుండా చెప్పండి. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు తెలిపేది), బి12 పరీక్షలు అవసరమేమో అడగండి.

భోజనంతోపాటు టీ తాగితే అందులోని టానిన్లు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. కనీసం గంట ఎడం ఉండాలి. తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా పడుతుంది. బీట్‌రూట్ జ్యూస్‌తో రక్తం పడుతుందన్నది రంగు చూసి పుట్టిన నమ్మకమే.

ఈ స్థాయిలో తిండి ఒక్కటే చాలదు, ఐరన్ మాత్రలు కావాలి. వాటితో విరేచనం నల్లగా అవుతుంది, భయపడి ఆపకండి. హిమోగ్లోబిన్ మామూలైనా నిల్వలు నిండేందుకు మరో మూడు నెలలు వాడాల్సి ఉంటుంది. కాలేజీ పరీక్షలు అయ్యాక చూద్దామనుకోకుండా ఈ వారమే డాక్టరును కలవండి.