సంచి మీది అంకె

ఉద్దానం పేరు మీరు వినే ఉంటారు. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వైపు కవిటి, సోంపేట, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతం. కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు ఉన్న నేల. ఆ ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎక్కువ. కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రోగుల కోసం 200 పడకల ఆసుపత్రి తెరిచారు.

అలాంటి ఊళ్ళో ఒక ఇల్లు అనుకుందాం. ఇంటాయనకు రెండు కిడ్నీలూ చెడిపోయాయి. కిడ్నీలు రక్తంలోని చెడునీ, ఎక్కువైన నీటినీ మూత్రంగా బయటికి పంపుతాయి. అవి పనిచేయకపోతే డయాలసిస్ కావాలి. ఆసుపత్రిలో మిషను మీద చేసేది ఒక రకం. ఇంకో రకం ఇంట్లోనే చేసుకోవచ్చు. దాన్ని పొట్ట డయాలసిస్ అందాం. చిన్న ఆపరేషను చేసి పొట్టలో మెత్తని గొట్టం పెడతారు. దాని గుండా సంచిలోని మందునీరు లోపలికి ఎక్కిస్తారు. నాలుగైదు గంటలు ఉంచి, ఖాళీ సంచిలోకి దించేస్తారు. మళ్ళీ కొత్త సంచి. మామూలుగా రోజుకు నాలుగు సార్లు. ఆఖరి సంచి నీరు రాత్రంతా లోపలే ఉంటుంది.

ఆ నీరు ఎలా పనిచేస్తుంది? మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే ఏమవుతుంది? ముక్కల్లోంచి నీరు ఊరుతుంది. ఉప్పు ఎక్కువైతే నీరు ఎక్కువ ఊరుతుంది. ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడ లాగేది ఉప్పు కాదు, గ్లూకోజు. అంటే చక్కెర. పొట్టలోపల ఒక పల్చని పొర ఉంటుంది. దాని గుండా రక్తంలోని చెడు, ఎక్కువ నీరు ఈ మందునీటిలోకి దిగుతాయి.

చక్కెరను బట్టి సంచులు మూడు రకాలు. 1.5, 2.5, 4.25. మధ్యలో చుక్క ఉంది, చూశారా? ఒకటిన్నర, రెండున్నర, నాలుగుంబావు అని చదవాలి. 2 లీటర్ల సంచిలో వరసగా 30 గ్రాములు, 50 గ్రాములు, 85 గ్రాముల చక్కెర ఉంటుంది. సంచికి రంగు గుర్తు కూడా ఉండవచ్చు. రంగు ఒక్కటే నమ్ముకోవద్దు. అంకె చదవండి.

ఇక ఆ ఇంటి సంగతి. ఒక పెళ్ళిలో ఆయన ఉప్పుచేప కూర తిన్నాడు. దాహం వేసి చెంబెడు నీళ్ళు తాగాడు. మర్నాటికి కాళ్ళు వాచాయి. పక్కింటి ముసలమ్మ చూసి ఇలా అంది.

"పెద్ద మందు ఉంది కదే పిల్లా! అదెయ్యి. ఇంత చిన్న మందుకు జబ్బెలా తగ్గుతాది?"

ఇంటావిడ నాలుగుంబావు సంచి తీసింది. ఆ రోజు మూడు సంచులు వేసింది. వాపు దిగింది. మంచి మందే అనుకుని మర్నాడూ, మూడో నాడూ అదే వేసింది. నాలుగో రోజు పొద్దున్నే ఆయనకు పిక్కలు పట్టేశాయి. లేచి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోయాడు.

ఆసుపత్రికి తీసుకుపోయారు. బరువు చూశారు. ఉండవలసింది 56 కిలోలు. ఉన్నది 53. బి.పి. బాగా పడిపోయింది.

"ఏం మందేశావమ్మా?" అని నర్సు అడిగింది.

"పెద్దదేనమ్మా, త్వరగా నయమవుద్దని."

"అది పెద్ద మందు కాదమ్మా, ఎక్కువ నీరు లాగే మందు. ఒంట్లో నీరు ఎక్కువున్నప్పుడే దాని పని. నీరు లేనప్పుడు వేస్తే ఒంటికి కావలసిన నీరు కూడా లాగేస్తుంది. ఈయనకి ఇంకా కాసింత మూత్రం వస్తోంది కదా, అదీ తగ్గిపోతుంది. ఆ చక్కెర కూడా సగానికి పైగా ఒంట్లోకే పోతుంది. షుగరు జబ్బు ఉంటే మరీ కష్టం."

తప్పు ఆవిడది మాత్రమే అనలేం. ఏ సంచి ఎప్పుడో ఎవరూ ఆవిడకు కాగితం మీద రాసి ఇవ్వలేదు. ఈసారి డాక్టరు రాసి ఇచ్చారు. రోజూ పొద్దున్నే బరువు, బి.పి. చూడాలి. 56 దగ్గర ఉంటే ఒకటిన్నర సంచులే. 57 దాటి, కాళ్ళు వాస్తే ఒక రెండున్నర సంచి. నాలుగుంబావు మాత్రం ఫోను చేసి అడగనిదే ముట్టుకోకూడదు. ఇది ఆయనకు రాసింది. మీ ఇంట్లో రోగి ఉంటే ఆయన బరువు వేరు, ఆయన కాగితం వేరు.

రాత్రి సంచితో ఒక చిక్కుంది. ఎక్కువ సేపు ఉంచితే చక్కెర ఒంట్లోకి పోయి, లాగే బలం తగ్గుతుంది. దిగిన నీరు మళ్ళీ ఒంట్లోకే ఎక్కవచ్చు. అందుకే కొందరికి రాత్రి పూటకు ఐకోడెక్స్‌ట్రిన్ అనే వేరే మందునీరు ఇస్తారు. మొక్కజొన్న పిండి నుంచి చేస్తారు దాన్ని. అది వాడేవారికి కొన్ని షుగరు మిషన్లు లేని షుగరును చూపిస్తాయి. ఏ మిషను వాడాలో ముందే అడగాలి.

సంచి విప్పే ముందు అంకె, గడువు తేదీ చదవండి. నీరు కారుతోందేమో నొక్కి చూడండి. చేతులు సబ్బుతో కడగండి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టండి. ఫ్యాను ఆపండి. దింపిన నీరు తేటగా ఉండాలి. కుడితిలా మసకగా ఉంటే పొట్టలో చీము పట్టిందేమో. నొప్పి, జ్వరం లేకపోయినా ఆగవద్దు. ఆ సంచి పారబోయకుండా పట్టుకుని అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

ఇప్పుడు ఆవిడ నోటు పుస్తకం పెట్టింది. ఎక్కించింది, దింపింది రాస్తుంది. ఒక రోజు లెక్క ఇది. ప్రతిసారీ ఎక్కించింది 2,000 మిల్లీలీటర్లు.

పొద్దున దింపింది 2,200.
మధ్యాహ్నం 2,150.
సాయంత్రం 2,350.
రాత్రి సంచి 1,900.

ఆ రోజు ఒంట్లోంచి ఎంత నీరు బయటికి వచ్చింది? మీరు లెక్క కట్టండి. రాత్రి సంచి దగ్గర కూడాలా, తీసెయ్యాలా?