మూలకణ మార్పిడి తర్వాత విరేచనాలు

ప్రశ్న: మావారికి నెల క్రితం వాళ్ల అన్నయ్య మూలకణాలతో మార్పిడి జరిగింది. రెండు రోజులుగా నీళ్ల విరేచనాలు. ఆగడానికి మాత్ర వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, కొండాపూర్

జవాబు: వద్దమ్మా. మార్పిడి చేసిన డాక్టరుకు ఈరోజే ఫోన్ చేయండి. మార్పిడి సమయంలో ఇచ్చే యాంటీబయాటిక్స్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియానూ చంపేస్తాయి. ఆ సందులో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి పెరిగి విషం వదలొచ్చు. మాత్రతో కట్టేస్తే ఆ విషం లోపలే ఉండిపోవచ్చు. దాత కణాలు పేగుపై దాడి చేసినా ఇలాగే ఉంటుంది, చికిత్స మాత్రం వేరు. అందుకే మల పరీక్ష తప్పనిసరి.

శానిటైజర్‌కు ఈ క్రిమి బీజాలు చావవు. ఇంటిల్లిపాదీ సబ్బునీళ్లతోనే చేతులు కడుక్కోవాలి. వీలైతే ఆయనకు విడి బాత్‌రూమ్ ఇవ్వండి. మాదాపూర్ బండి చట్నీలు, బిర్యానీతో వచ్చే రైతా ఇప్పట్లో వద్దు. అప్పుడే వండింది పెట్టండి.

జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరినా, రక్తం పడినా, పొట్ట ఉబ్బినా, మూత్రం తగ్గినా అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లండి.